ఓహాయో నదిలో పతకం

2016 జూన్ 3న ముహమ్మద్ అలీ అమెరికాలో కన్నుమూశారు. రమజాన్ ముంగిట ఉన్న రోజులవి; మా మదరసాకు సెలవులు. షవ్వాల్ మాసంలో పాఠాలు తిరిగి మొదలైన తొలి వారంలో విద్యార్థులకు ఆయనను గురించి నాలుగు మాటలు చెప్పాను. ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చిన కథే అది. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ స్వర్ణపతకం గెలిచి, పద్దెనిమిదేళ్ల ఆ నల్లజాతి యువకుడు స్వస్థలమైన లూయివిల్‌కు తిరిగి వస్తాడు. పతకం మెడలో ఉండగానే ఒక ఫలహారశాలకు వెళ్తాడు. నల్లవారికి ఇక్కడ వడ్డించేది లేదని చెప్పి పంపివేస్తారు. అవమానభారంతో అతడు వంతెన మీదికి నడిచి వెళ్లి, దేశానికి సంపాదించి తెచ్చిన ఆ పతకాన్ని ఓహాయో నదిలోకి విసిరివేస్తాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా తరగతి నిశ్శబ్దమయ్యేది. ఆ రోజు మాత్రం వెనుక వరుసలో కూర్చున్న ఒక కుర్రవాడు చేయి ఎత్తి, “హజ్రత్, ఈ రివాయత్ మీకు ఎవరి ద్వారా చేరింది? దీని సనద్ ఎక్కడి దాకా వెళ్తుంది?” అని అడిగాడు.

అతని ప్రశ్నలో అవిధేయత లేదు. ఆ వారమే నేను వారికి ఉసూలె హదీస్ ప్రారంభించాను. ఏ ఉల్లేఖనాన్నైనా స్వీకరించే ముందు దానిని చేరవేసిన వారి గొలుసును చూడాలని, ఆ గొలుసులోని ప్రతి కొక్కేన్నీ పరీక్షించాలని బోధించినవాణ్ణి నేనే. పిల్లలందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ జవాబు చెప్పలేకపోయాను. “చూసి చెబుతాను బాబూ” అన్నాను.

ఇంటికి వెళ్లి ఆలోచిస్తే నా సనద్‌లోని మొదటి కొక్కెం మా పేటలోని ఒక దర్జీ దుకాణంలో తేలింది. 1980లో అలీ మద్రాసుకు వచ్చి ప్రదర్శన పోటీలో పాల్గొన్నప్పుడు, ఆ దర్జీ రైలెక్కి వెళ్లి చూసి వచ్చిన మనిషి. నా బాల్యంలో ఆ పేరును నేను మొదట విన్నది ఆయన నోటనే, పతకం కథను విన్నదీ ఆయన దగ్గరే. ఆయనకు అది ఎక్కడి నుంచి చేరిందో అడిగి తెలుసుకొనే అవకాశం ఇప్పుడు లేదు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక. విన్నదల్లా చెప్పుకొంటూ పోవటం గురించి దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను ఏటా పిల్లలకు చదివించే నేను, ఆ హెచ్చరిక నా మీదికే తిరిగిందని గ్రహించాను.

కథ జాడ వెదుకుతూ వెళ్తే అది 1975లో వెలువడిన అలీ ఆత్మకథకు, అక్కడి నుంచి ఆ ఆత్మకథ ఆధారంగా 1977లో తీసిన ‘ది గ్రేటెస్ట్’ అనే చలనచిత్రానికి, దాని మీదుగా 2001 నాటి ‘అలీ’ అనే మరో చిత్రానికి నన్ను తీసుకువెళ్లింది. నేను సినిమాహాలుకు వెళ్లే అలవాటు ఉన్నవాణ్ణి కాను. మా అబ్బాయి ల్యాప్‌టాప్ మీద, ఒక దస్తావేజును పరిశీలించే దృష్టితో ఆ రెంటినీ చూశాను. చలనచిత్రాల విషయమై ధర్మపండితుల నడుమ ఉన్న అభిప్రాయభేదాలు పాఠకులకు తెలియనివి కావు. ఈ వ్యాసం ఫత్వా కాదు.

మొదటి చిత్రంలో అలీ పాత్రను అలీయే ధరించారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. ఇంకా ప్రపంచ హెవీవెయిట్ విజేత. కథ ముగియకముందే కథానాయకుడు తన కథను తానే నటించి చూపటమన్నమాట. దర్శకుడు టామ్ గ్రీస్ చిత్రం పూర్తి కాకమునుపే మరణించగా, మాంటీ హెల్మన్ అనే మరో దర్శకుడు మిగిలిన పని ముగించారు. పోటీల దృశ్యాలను కొత్తగా చిత్రీకరించలేదు. అసలు పోటీల ఫిల్ములనే కత్తిరించి కలిపారు. పిడిగుద్దు అసలైనది, చెమట అసలైనది, మనిషి అసలువాడు. ఇంతకన్నా విశ్వసనీయమైన జీవితచిత్రం ఉండదని ఎవరికైనా అనిపిస్తుంది.

పతకం నదిలో పడేది ఆ చిత్రంలోనే.

ఆ ఆత్మకథను అలీతో కలిసి రాసినవారు రిచర్డ్ డర్హమ్. ప్రచురణ సంస్థ తరఫున సంపాదకత్వం వహించినది, తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన టోనీ మోరిసన్. అయితే అలీకి మేనేజరుగా ఉన్న హెర్బర్ట్ ముహమ్మద్ ఆమోదం లేకుండా అందులోని పుటలు ముందుకు కదలలేదు. ఆయన ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ నాయకుడు ఎలిజా ముహమ్మద్ కుమారుడు. పతకం కథ జరిగినది కాదని, పతకం ఎక్కడో పోయిందని అలీకి ఆత్మీయులైన కొందరే తరువాత చెప్పారు. ఆయన జీవితాన్ని శోధించి రాసినవారిలో అధికులు అదే అభిప్రాయానికి వచ్చారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ సందర్భంగా ఒలింపిక్ కమిటీ ఆయనకు మరో పతకాన్ని బహూకరించింది. పాతది లేదన్నంత వరకు నిజమే.

విచిత్రమేమంటే, ఆ కథలోని అవమానం కల్పితం కాదు. 1960 నాటి లూయివిల్‌లో నల్లవారికి వడ్డించని ఫలహారశాలలు ఉండేవి. వాటికి వ్యతిరేకంగా మరుసటి ఏడాది ఆ నగరంలోని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వడ్డించమని చెప్పిన నోరు నిజం, ఆ కుర్రవాని గుండెకు తగిలిన దెబ్బ నిజం. నదిని మాత్రం ఎవరో తెచ్చి కలిపారు. నిజమైన బాధకు అబద్ధపు సాక్ష్యం చేర్చితే, రేపు ఆ సాక్ష్యం వీగిపోయిన నాడు బాధను కూడా అనుమానించేవారు బయలుదేరుతారు. హదీసు విద్వాంసులు సదుద్దేశంతో కల్పించిన ఉల్లేఖనాలను సైతం ఎందుకంత కఠినంగా తిరస్కరించారో నాకు మరోమారు అర్థమయింది. సుకృతాల వైపు ప్రజలను మళ్లించటానికే అల్లామని కొందరు వాటి కర్తలు ఒప్పుకొన్నా, వారికి మినహాయింపు దొరకలేదు.

రెండవ చిత్రం సంగతి వేరు. దానికి దర్శకుడు మైకేల్ మాన్, అలీగా నటించినవాడు విల్ స్మిత్. ఆ పాత్రను స్మిత్ పలుమార్లు నిరాకరించి, చివరకు అలీయే స్వయంగా కోరిన మీదట అంగీకరించాడు. దాదాపు సంవత్సరం పాటు నిజమైన బాక్సరు వలె శిక్షణ పొందాడు. శరీరపు బరువు పెంచాడు. ప్రత్యర్థుల పాత్రలకు నటులను కాక బరిలో ఆరితేరినవారిని ఎంచుకొన్నారు: సోనీ లిస్టన్‌గా మైకేల్ బెంట్, జో ఫ్రేజియర్‌గా జేమ్స్ టోనీ, జార్జ్ ఫోర్‌మన్‌గా చార్లెస్ షఫర్డ్. ముగ్గురూ వృత్తిరీత్యా ముష్టియోధులే. దెబ్బ తగిలినట్టు నటించటం కన్నా దెబ్బ తినటమే మేలని దర్శకుడు భావించాడు. ఇంతటి శ్రమను చూసి నాకు ఒకింత సిగ్గు కూడా కలిగింది. ఒక సినిమా నటుడు ఒక మనిషి నడకను, ఊపిరిని నేర్చుకోవటానికి ఏడాది వెచ్చించాడు. అదే మనిషిని గురించి పాఠం చెప్పటానికి నేను ఐదు నిమిషాలైనా వెదకలేదు.

1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని జైర్ రాజధాని కిన్షాసాలో ఫోర్‌మన్‌తో జరిగిన పోటీ ఈ చిత్రానికి శిఖరం. అది తెల్లవారకముందే జరిగిన పోటీ. అలీ ఎనిమిదవ రౌండులో గెలిచారు. అయితే చిత్రం తీసే నాటికి ఆ దేశం పేరు మారి కాంగో అయింది, అక్కడ యుద్ధం సాగుతోంది. నిర్మాణబృందం ఆ ఘట్టాలను మొజాంబిక్ రాజధాని మపూతోలో చిత్రీకరించింది. అక్కడి స్టేడియంలో స్థానికులే కిన్షాసా ప్రజలయ్యారు. చిత్రంలో నన్ను పట్టి నిలిపిన దృశ్యం పోటీ కాదు. దానికి ముందు అలీ వీధుల్లో పరుగెత్తే ఘట్టం. పిల్లలు వెంటబడి పరుగెడతారు. గోడల మీద పేదలు గీసిన బొమ్మలు కనిపిస్తాయి. ఆ బొమ్మల్లో ఉన్నది తానేనని ఆయన గుర్తిస్తాడు. పరుగు నెమ్మదిస్తుంది, ముఖంలోని గర్వం జారిపోతుంది. ఆ కొన్ని నిమిషాల్లో మాటలు దాదాపు లేవు. తన మీద ఇంతమంది ఆశ పెట్టుకొన్నారని ఒక మనిషి మొదటిసారి గ్రహించటాన్ని చూపటానికి అంతకంటే మంచి దారి ఉందని నేను అనుకోను.

పది కోట్ల డాలర్లకు మించి వ్యయమైన ఆ చిత్రం 2001 డిసెంబరు 25న విడుదలయింది. పెట్టిన ధనం థియేటర్లలో తిరిగి రాలేదు. మూడున్నర నెలల కిందట న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి. అమెరికాలో ముస్లిం పేరు పెట్టుకొన్నవాడు తలవంచుకొని నడవవలసిన దినాలవి. సెప్టెంబరు 21న బాధితుల సహాయార్థం టెలివిజన్‌లో ప్రసారమైన కార్యక్రమంలో అలీ, విల్ స్మిత్ కలిసి కనిపించారు. పార్కిన్సన్ వ్యాధి వల్ల అప్పటికే అలీ కంఠం బాగా సన్నగిల్లింది, చేతులు వణుకుతున్నాయి. అయినా తాను ముస్లింనని, ఆ మారణకాండకూ ఇస్లాంకూ సంబంధం లేదని చెప్పారు. ఒకనాడు నోటిధాటితో ప్రత్యర్థులను బెంబేలెత్తించిన మనిషి ఆ నాలుగు మాటలకు పడిన ప్రయాస చూస్తే కళ్లు చెమర్చుతాయి. ఆయన పక్కన కూర్చున్న నటుడు కొద్దివారాల్లో తెర మీద ఆయన పాత కంఠంతో గలగలా మాట్లాడబోతున్నాడు.

ఇక నేను చెప్పదలచిన అసలు సంగతి. ‘అలీ’ చిత్రం 1964 ఫిబ్రవరిలో లిస్టన్‌పై గెలుపుతో మొదలై 1974 అక్టోబరులో ఫోర్‌మన్‌పై గెలుపుతో ముగుస్తుంది. పోయిన కిరీటం తిరిగి దక్కేదాకా పదేళ్ల కథ. చిత్రకారుని కంటితో చూస్తే అది చక్కని చట్రం. కానీ ఆ చట్రం ఎక్కడ తెగిందో గమనించండి. అలీ 1964లో చేరిన ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ విశ్వాసాలు మన విశ్వాసాలు కావు. దాని స్థాపకుణ్ణి మానవరూపంలో వచ్చిన దైవమనేవారు. ఎలిజా ముహమ్మద్ తనను సందేశహరునిగా చెప్పుకొన్నారు. తెల్లజాతివారు పుట్టుకతోనే సైతానులని బోధించారు. తౌహీదుకూ, ప్రవక్తా పరంపర ముగింపు అనే మౌలిక విశ్వాసానికీ ఇవి పూర్తిగా విరుద్ధం. అలీ 1972లో హజ్ చేశారు, అన్ని రంగుల మనుషులను ఒకే వస్త్రధారణలో చూశారు. 1975 ఫిబ్రవరిలో ఎలిజా మరణించగా, ఆయన మరో కుమారుడు వారిస్ దీన్ ముహమ్మద్ ఆ ఉద్యమాన్ని క్రమంగా ప్రధాన ఇస్లామీయ స్రవంతిలోకి తెచ్చారు. అలీ ఆయన వెంట నడిచారు. అంటే, చిత్రం ముగిసిన నాలుగు నెలలకే ఆయన విశ్వాస జీవితంలోని పెద్ద మలుపు మొదలవుతుంది. థియేటరు నుంచి బయటికి వచ్చిన ప్రేక్షకుడు ఒక గొప్ప యోధుణ్ణి చూశాడు. మనం ‘ముస్లిం’ అని పిలిచే ఆ అలీని మాత్రం చూడనే లేదు.

ఇందుకు దర్శకుణ్ణి నిందించటం నా ఉద్దేశం కాదు. తెరకు విజయం కావాలి, చేతులు పైకెత్తిన మనిషి కావాలి. హృదయంలో జరిగే మార్పుకు పోటీ రౌండులు ఉండవు. కిరీటం ఊడబెరుక్కొని బరికి దూరం చేసిన కాలాన్ని చిత్రించటమే ఎంత కష్టమయిందో చూడండి. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో ఆయన సైన్యంలో చేరటానికి నిరాకరించారు. జూన్‌లో న్యాయస్థానం ఐదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించింది. అప్పీలు మీద బయట ఉన్నప్పటికీ మూడున్నరేళ్లు ఆయనకు పోటీలు లేవు. ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది దాకా, ముష్టియోధుని దేహం పరిపూర్ణంగా ఉండే ప్రాయమది. కళాశాలలు తిరిగి ఉపన్యాసాలిచ్చి ఇల్లు గడుపుకొన్నారు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8–0తో శిక్షను కొట్టివేసింది. తీర్పు రోజును తెర మీద చూపవచ్చు. జైలుకు పోవలసి వస్తుందేమోనన్న తలపుతో లేచిన వేయికి పైగా ఉదయాలను ఎలా చూపుతారు? సబ్ర్ అనే గుణానికి దృశ్యం చాలా తక్కువ.

తప్పుల విషయంలో మాత్రం రెండవ చిత్రం మొదటిదాని కన్నా నిజాయితీగా ఉంది. మాల్కమ్ ఎక్స్ అలీకి గురువు, అన్న వంటివాడు. ఎలిజాతో విభేదించి బయటికి వచ్చి, 1964లో హజ్ చేసి, జాతిద్వేషాన్ని విడిచిపెట్టిన మాల్కమ్ తిరుగు ప్రయాణంలో ఘానాలో అలీకి ఎదురుపడ్డారు. అలీ ముఖం తిప్పుకొన్నారు. తొమ్మిది నెలల తరువాత, 1965 ఫిబ్రవరి 21న మాల్కమ్ హత్యకు గురయ్యారు. క్షమాపణ చెప్పే అవకాశం శాశ్వతంగా పోయింది. 1977 చిత్రంలో మాల్కమ్ కొద్దిసేపే కనిపిస్తారు. 2001 చిత్రం ఆ స్నేహానికీ, ఆ విడిపోవటానికీ తగిన చోటు ఇచ్చింది. 2004లో వెలువడిన తన పుస్తకంలో, జీవితంలో తాను అత్యధికంగా పశ్చాత్తాపపడే తప్పులలో అది ఒకటని అలీ స్వయంగా రాశారు.

ఇక్కడ నాకొక ధర్మసందేహం ఎదురయింది. పాఠకులకూ కలిగి ఉంటుంది. మృతుల లోపాలను ఎంచరాదని కదా మనకు నేర్పారు? జీవితచరిత్ర పేరిట తప్పులు వెలికితీయటం గీబత్ కాదా? మన పూర్వ విద్వాంసులు ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. అస్మాఉర్రిజాల్ గ్రంథాల్లో ఉల్లేఖకుల జ్ఞాపకశక్తి లోపం మొదలు అసత్యం దాకా నమోదయి ఉంది. ఇమామ్ అలీ ఇబ్న్ అల్-మదీనీ (రహ్)ని ఆయన తండ్రి గురించి అడిగినప్పుడు, ధర్మం విషయం గనుక తన తండ్రి బలహీన ఉల్లేఖకుడని ఆయన చెప్పక తప్పలేదు. అవసరమైన సాక్ష్యం వేరు, రుచి కోసం చెప్పుకొనే కబుర్లు వేరు. మాల్కమ్ విషయంలో అలీయే తన తప్పును తాను లోకానికి వెల్లడించారు, అందులో గీబత్ లేదు. జో ఫ్రేజియర్‌ను హీనమైన మాటలన్నందుకు కూడా ఆయన 2001లో పత్రికాముఖంగా క్షమాపణ చెప్పారు.

కానీ వివాహాల విషయంలో నా మనస్సు అంత స్థిరంగా లేదు. మొదటి చిత్రం విడుదలైన ఏడాదిలోనే బిలిందాతో అలీ వివాహం ముగిసింది, మరో వివాహం జరిగింది. ఆ చిత్రంలో ఆ కలత ఛాయామాత్రంగానైనా లేదు. రెండవ చిత్రం ఆ గృహకలహాన్ని తెర మీద పరిచింది. ఆనాటికి ఆ స్త్రీలు జీవించే ఉన్నారు, వారి కుమార్తెలు యుక్తవయస్కులు. భార్యకు అన్యాయం చేసిన భర్త కథను దాచితే, దెబ్బ తిన్నది ఆమె గనుక, అదీ అన్యాయమే. విప్పితే ఆమె కన్నీళ్లు టికెట్టు కొన్నవారి వినోదమవుతాయి. మా ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు మా శ్రీమతి ఒకే ప్రశ్న వేసింది: “ఆమెను అడిగారా?” నా దగ్గర జవాబు లేదు.

మూడు వారాల తరువాత ఆ కుర్రవాణ్ణి పిలిచి నేను కనుగొన్నదంతా చెప్పాను. సనద్ సాక్షాత్తు ఆ మనిషి దాకా వెళ్తుందని, అయినా పక్కన ఉన్నవారు దాన్ని కాదంటున్నారని చెప్పాను. తరగతిలో అందరి ముందూ పతకం కథను వెనక్కి తీసుకొన్నాను. “అయితే ఇకమీదట ఆయన గురించి ఏమి చెబుతారు హజ్రత్?” అని మరొకడు అడిగాడు. అప్పటి నుంచి నేను చెబుతున్నది ఈ కింది సంగతి.

లాస్ ఏంజెలిస్ నగరంలోని హాలీవుడ్‌లో ప్రఖ్యాతుల పేర్లను నక్షత్రాలుగా కాలిబాటలో పొదుగుతారు. బాటసారులు వాటి మీదుగా నడిచి పోతుంటారు. ‘అలీ’ చిత్రం విడుదలైన మరుసటి నెలలో, 2002 జనవరిలో, ముహమ్మద్ అలీకి ఆ గౌరవం దక్కింది. తాను ధరించినది దైవప్రవక్త (స) నామమని, దానిని ఎవరూ తొక్కటం తనకు సమ్మతం కాదని ఆయన చెప్పారు. నిర్వాహకులు అంగీకరించారు. ఆ వీధిలో రెండు వేలకు పైగా నక్షత్రాలు నేల మీద ఉన్నాయి. ఆయనది ఒక థియేటరు ప్రవేశం దగ్గర గోడ మీద ఉంది.